సంతకానికి ముందు చెప్పే మాట

యుద్ధంలో పోరాడినవాళ్లకు ఊళ్లో విగ్రహం పెడతాం. ఒక తప్పుడు ఉత్తర్వును సంతకానికి ముందే ఆపిన సైనిక న్యాయ సలహాదారు పేరు మాత్రం ఫైలు దాటి బయటికి రాదు. ఆ పనీ మెచ్చుకోదగ్గదే. సైనికుల ప్రాథమిక హక్కులకు 33వ అధికరణం కింద పార్లమెంటు కత్తెర వేయగలదు కాబట్టి, రూల్స్‌లో మిగిలిన రక్షణ పద్ధతికి విలువెక్కువ. ఉదాహరణకు మదనపల్లెకు చెందిన ఒక జవానును కోర్టు శిక్ష లేకుండానే తీసేయాలంటే, 1954 నాటి ఆర్మీ రూల్స్‌లోని 17వ రూలు ప్రకారం మామూలుగా ఆరోపణ వివరాలు చెప్పి, రాతపూర్వక జవాబుకు తగిన గడువివ్వాలి. నోటీసులో 'ప్రవర్తన బాగాలేదు' అన్న ఒక్క ముక్కే ఉండి, ఏ రోజు ఏం చేశాడో లేకపోతే, మంచి సలహాదారు ఆ ఫైలును కదలనివ్వడు.

యూనిఫాం వేసుకున్నవాడు పైఅధికారికి ఎదురు చెబుతాడా? న్యాయమైన అనుమానమే. కానీ 2007 చట్టంతో సాయుధ దళాల ట్రిబ్యునల్ వచ్చాక, ఉత్తర్వు అక్కడ నిలబడుతుందా లేదా అన్నది కమాండరుకూ కావలసిన సంగతే అయింది. జవాను పక్షానా ఇదే నేర్పు అక్కరకొస్తుంది. మదనపల్లె నుంచి నేరుగా ట్రిబ్యునల్ చెన్నై బెంచికి పరుగెత్తి లాభం లేదు. మామూలుగా ముందు శాఖాపరంగా అర్జీ పెట్టుకోవాలి. ఆరు నెలల్లో తుది ఉత్తర్వు రాకపోతే ట్రిబ్యునల్ గడప తొక్కొచ్చు. అందుకే పద్ధతి తెలిసిన సలహాదారు కష్టాల కథ వినడానికి ముందే అర్జీ అందినట్టు తేదీ వేసిన రసీదు అడుగుతాడు.