మాట తెగని విద్య

దూరమున నున్న మనిషి గొంతు మన చెవి చేరునపుడు, అది అరువు తెచ్చుకొన్న యంత్రముపై, ఇరుగుపొరుగుతో పంచుకొన్న కాలములో నడచి వచ్చినదని వినువారికి లేశమైనను తోపనీయకుండుట ఒక మహావిద్య. ఇంటర్నెట్ టెలిఫోను సర్వర్లను వర్చువల్ మెషీన్లపై నిలకడగా నడుపువారు ఆ విద్యకు ఉపాసకులు. వారికి శాలువలు కప్పువారు లేరు. వారి పేర్లు పత్రికల కెక్కవు. నేను ఆ పని చేయువాడను గాను, చేయువారి ప్రక్కన అనేక రాత్రులు కూర్చుండి చూచినవాడను. చూచినకొలది వారియెడ నాకు గౌరవము పెరిగినదే గాని తరుగలేదు.

ఈ యంత్రములు మాటను మోయు విధమును ముందు చెప్పవలెను. జి.711 అను పాత కోడెక్ గొంతును సెకండుకు 8000 మార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లలో వ్రాయును. అట్టి కొలతలు 160, అనగా 20 మిల్లీసెకండ్ల పలుకు, ఒక ప్యాకెట్టులో మూటగట్టబడి బయలుదేరును. ఆ లెక్కను సెకండుకు 50 మూటలు అటు, 50 మూటలు ఇటు. సర్వరు ఇరువురి నడుమ నిలిచి మాటను అందించునపుడు ఒక్క సంభాషణకే సెకండునకు 100 మూటలు లోనికి వచ్చి 100 వెలుపలికి పోవలెను. నూరు సంభాషణలు సాగునపుడు పదివేల రాకలు, పదివేల పోకలు. ఉత్తరము ఒక గంట ఆలస్యమైనను ఉత్తరమే యగును; పలుకు మాత్రము వేళ తప్పినచో పలుకు గాదు. ఒక కొసనుండి మరియొక కొసకు 150 మిల్లీసెకండ్ల లోపున చేరిన గొంతుతో సంభాషణ సహజముగా సాగునని జి.114 అను అంతర్జాతీయ ప్రమాణము చెప్పుచున్నది. ఈ గడువులోనే సముద్రములును దాటవలెను, సర్వర్లును దాటవలెను.

ఇక వర్చువల్ మెషీన్ల కథ. ఒక యంత్రమును పలు యంత్రములుగా భాసింపజేయు ఉపాయము 1960ల నాటికే ఐబీఎమ్ వారి యొద్ద నుండెను; కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పుట్టిన జెన్, 2007లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన కేవీఎమ్ దానిని సామాన్య సర్వర్లకు దింపినవి. చరిత్ర ఇంత చాలును. మనకు ముఖ్యమైనది దాని స్వభావము. వర్చువల్ మెషీను ప్రాసెసరు తనదే యని నమ్మియుండును గాని, అసలు యంత్రమును పలువురికి పంచు హైపర్‌వైజరు పొరుగువానికి వంతు నిచ్చినపుడు అది తనకు తెలియకయే నిద్రపోవును. ఆ పోయిన కాలమునకు 'స్టీల్ టైమ్' అని పేరు, దొంగిలింపబడిన కాలమనుట. నిద్ర 200 మిల్లీసెకండ్లు సాగినచో పది మూటలు వేళ దాటి, మేల్కొన్న వెంటనే గుంపుగా పరుగెత్తును; అవతలి ఫోను, గడువు మీరిన వానిని వినిపింపక పారవేయును. వినువానికి ఒక అక్షరము మాయమగును.

ఆ అక్షరమును కాపాడుటకు పూనుకొన్న మహనీయులలో మొదట తలపవలసినవాడు మార్క్ స్పెన్సర్. 1999లో, విద్యార్థిగా నుండగనే, తన చిన్న లినక్స్ వ్యాపారమునకు కార్యాలయపు ఎక్స్ఛేంజి కొనుటకు చేతిలో ధనము చాలక, తానే ఒకటి వ్రాసి ఆస్టరిస్క్ అని పేరిడి లోకమున కుచితముగా పంచిపెట్టెను. దానికి తోడుగా జిమ్ డిక్సన్, ఖరీదైన టెలిఫోను కార్డులు చేయు పనిని కంప్యూటరు ప్రాసెసరే చేయగలదని చాటి, చౌక కార్డును నిర్మించెను. ఆ కార్డు సెకండుకు వేయిమార్లు తట్టి ఆస్టరిస్కునకు తాళము వేయుచుండెను. వర్చువల్ మెషీనులో కార్డు లేదు, కావున తాళమును లేదు. తొలినాళ్లలో పలువురు కలిసి మాటలాడు సమావేశములు ఇచ్చట తడబడుటకు కారణ మదియే. పిమ్మట కెర్నెల్‌లోని టైమర్‌ఎఫ్‌డీ నుండి తాళమును గ్రహించు పద్ధతి వచ్చినది. ఇట్టిదే యగు మరియొక టెలిఫోను సర్వరు ఫ్రీస్విచ్ నిర్మాత ఆంథొనీ మినెసేల్ ప్రతిభను నేను కాదనను. అయినను నేను ఆస్టరిస్క్ పక్షపాతిని. ఆ మాట దాచుకొనుట నాకు చేతగాదు.

ఇక పనివారి మెలకువలు. నిపుణుడు మొట్టమొదట హైపర్‌వైజరుపై తన యంత్రమునకు కొన్ని ప్రాసెసరు కోర్లను ముడివేసి, అన్యు లెవ్వరును వానిపై కాలు మోపకుండ కట్టుబాటు చేయును. ఇచ్చిన మెమరీని తిరిగి లాగుకొనకుండ పూర్తిగా కేటాయింపజేయును. నెట్‌వర్కు కార్డుగా పాత యంత్రముల అనుకరణను గాక, వర్చువల్ లోకమునకై పుట్టిన వర్ట్ఐఓను నిలుపును. సంభాషణలను రికార్డు చేయవలసినచో నేరుగా డిస్కుపై వ్రాయక ముందు మెమరీలో నుంచి తీరికగా తరలించును, ఏలయన డిస్కు పదిమంది పంచుకొను బావి వంటిది. రద్దీ వేళ స్నాప్‌షాట్ తీయనీయడు. తీయు క్షణమున యంత్రము బిగుసుకొని పోవుననియు, బిగుసుకొనుట యనగా మాట తెగుటయే ననియు ఆతడెరుగును.

ఉత్తములు ఇంతటితో ఆగరు. పిలుపులను కుదుర్చు సిప్ సంభాషణను కమైలియో అను ప్రోగ్రామునకును, గొంతును మోయు భారమును ఆర్‌టీపీఇంజిన్‌కును అప్పగించి రెంటిని వేరు చేయుదురు. ఆర్‌టీపీఇంజిన్ మూటలను కెర్నెల్‌లోనే దారి మళ్లించును. నడుచుచున్న సంభాషణల వివరములను రెడిస్ అను భాండారములో నిలిపి, ఒక యంత్రము కూలినను మరియొకటి అందుకొను నట్లు చేయును. ఆ రెండవ యంత్రమును మొదటిదానితో పాటు ఒకే ఇనుపపెట్టెలో నుంచువాడు శిష్యుడు. వేరు పెట్టెలో నుంచువాడు గురువు.

జెన్ పక్షమువా రొనర్చిన ఒక అద్భుతమును కొనియాడక యుండలేను. 2005లో కేంబ్రిడ్జి, కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయముల వారు, నడుచుచున్న వర్చువల్ మెషీనును ఒక పెట్టెనుండి వేరొక పెట్టెకు తరలించి చూపిరి. జ్ఞాపకములను ముందుగా పంపుచు, పంపునంతలో మారిన వానిని మరల పంపుచు, మిగిలిన కొద్దిపాటికి మాత్రమే యంత్రమును నిలిపిరి; సేవ ఆగిన కాలము 60 మిల్లీసెకండ్ల వరకు తగ్గినది. అనగా మూడే మూటలు! కాపురముండగనే ఇల్లు తరలించి, లోనివారిని నిద్రలేపకుండుట యనిన ఇదియే.

అదే కోపెన్‌హేగన్ నగరపు టెలిఫోను కంపెనీలో నుండి ఎర్లాంగ్ మహాశయుడు ఒక శతాబ్దమునకు పూర్వమే పిలుపుల రద్దీకి గణితము కట్టెను. గంటకు మూడేసి నిమిషముల పిలుపులు 200 వచ్చుచోట 18 మార్గము లున్నచో నూటికి ఒకటికంటె ఎక్కువ తిరిగిపోవని ఆయన సూత్రము నేటికిని నిక్కముగా చెప్పును. సర్వరు పరిమాణమును ఊహతో గాక ఈ గణితముతో నిర్ణయించి, సిప్‌పీ పరికరముతో కృత్రిమముగా పిలుపుల వాన కురిపించి పరీక్షించువాడే పనివాడు.

ఇప్పుడు నా గుండెమంట చెప్పవలెను. ఒకే ఇనుపపెట్టెను తగినంతమందికి గాక, దానికి పదింతల మందికి అమ్ముకొను చౌకబేరగాండ్రు బయలుదేరినారు. "నాలుగు కోర్లు, నెలకు కొద్ది రూపాయలు" అను ప్రకటన చూచి ఒక చిన్న పట్టణపు ఆసుపత్రివారు తమ అపాయింట్‌మెంటు ఫోనును అట్టిచోట నిలిపిరి. ప్రతిదినము ఉదయము పది దాటగానే మాట చిట్లుచుండెను. ఒకనాడు ఈ విద్య నెరిగిన నా మిత్రుడు ఇయర్‌ఫోను పెట్టుకొని ఆ పిలుపులు వినుచుండగా, ఒక వృద్ధుడు, "రేపు రావచ్చన్నారా, రావద్దన్నారా అమ్మా?" అని ముమ్మారు అడిగెను. మన భాషలో అనుమతికిని నిషేధమునకును నడుమ ఒక్క అక్షరమే యున్నది; ఆ అక్షరమునే యంత్రము మ్రింగినది. మిత్రుడు మారుమాటాడక 'టాప్' అను ఆజ్ఞ నిచ్చి, స్టీల్ టైమ్‌కు గుర్తుగా ఎస్‌టీ అని వ్రాసిన చోట వ్రేలుంచెను. అంకె ఇరువది దాటియున్నది: కాలములో అయిదవవంతు పొరుగువారి పాలు. అమ్మినవారికి ఉత్తరము వ్రాయగా, మీ ఇంటర్నెట్ మంచిది కాదని బదులు వచ్చినది!

అమ్మకందారుల లోభము ఒకటి కాగా, పనివారమని చెప్పుకొనువారి అలసత్వము మరియొకటి. ఎవరో వ్రాసిన స్క్రిప్టును ఒక్కమారు నడిపి, రంగుల ప్యానెల్ కనబడగనే సర్వరు సిద్ధమని సొమ్ము పుచ్చుకొందురు. ఎక్స్‌టెన్షను నంబరే రహస్యపదముగా నుంచి, సిప్ పిలుపులు వచ్చు 5060 పోర్టును లోకమునకెల్ల తెరచి విడుతురు. రాత్రికి రాత్రే దొంగలు చొరబడి దూరదేశముల ఖరీదైన నంబర్లకు పిలుపులు సాగింపగా, తెల్లవారి యజమానికి మిగులునది బిల్లు. ఇట్టి పనిని చూచి, వర్చువల్ మెషీన్లపై టెలిఫోను నిలువదని లోకము తీర్పు చెప్పుచున్నది. విద్యకు నింద, అవిద్యకు వెల!

సర్వరు కొనువారలారా, కోర్లెన్ని యని గాక, ఆ కోర్లు మీకు మాత్రమే కేటాయించినవా యని అడుగుడు. ఎస్‌టీ అంకె ఎంత నిలుచునో వ్రాతమూలముగ కోరుడు. యువకులారా, ప్యానెల్ రంగులను విడిచి, పది నిమిషములు ఇయర్‌ఫోనుతో మీ సర్వరు మోయు గొంతును వినుడు. విదేశములందున్న బిడ్డల గొంతుకై ఎదురుచూచు తల్లు లెందరో మన పల్లెలలో నున్నారు; వారికి సిప్ తెలియదు, హైపర్‌వైజరు తెలియదు, మాట తెగినచో బిడ్డకేమైనదో యను భయము మాత్రము తెలియును.

ఆ ఆసుపత్రి ఫోనును నా మిత్రుడు సొంత కోర్లుగల యంత్రమునకు మార్చిన మరునాడు, పది దాటిన పిమ్మట నేనును ఇయర్‌ఫోను పెట్టుకొని కూర్చుంటిని. "రేపు రావచ్చు" అని గుమాస్తా ఒక్కసారి చెప్పినది. అవతలి గొంతు, "సరేనమ్మా" అని ఫోను పెట్టివేసినది.