కోచ్‌ను తిట్టే ముందు

హైదరాబాద్ ఎఫ్.సి.ని ముంచింది కోచ్ కాదు. అరకులో ఫుట్‌బాల్ చూసే నలుగురం ఎక్కడ కలిసినా నేను ఈ మాటే అంటాను. మిగతావాళ్లు ఒప్పుకోరు. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టోను ముందే మార్చి ఉంటే జట్టు నిలబడేదంటారు. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తిన జట్టు రెండేళ్లు తిరిగేసరికి పట్టికలో ఆఖరుకు పడింది. 2025 అక్టోబరులో ఊరూ పేరూ మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ కలిపి ఆ లీగ్‌లో ఉన్నది అదొక్కటే. ఇంత జరిగాక కూడా తప్పంతా తెచ్చి గీత పక్కన నిలబడి అరిచే మనిషి నెత్తిన వెయ్యడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నేనిక్కడ పిల్లలతో బంతి ఆడిస్తుంటాను. వరి కోతలయ్యాక ఎండిన మళ్లే మా మైదానాలు. కొయ్యకాళ్లు పాదాలకు గుచ్చుకోకుండా ముందు పిల్లలే తొక్కి చదును చేసుకుంటారు. మా ఆశ్రమ పాఠశాలల్లో వాలీబాల్, కబడ్డీ, ఖోఖోల తర్వాతే ఫుట్‌బాల్. పిల్లల్ని ఆడించేవాణ్ని కాబట్టి కోచ్ పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో దగ్గరగా తెలుసు. బంతి కొనాలి. బళ్లో అడిగి గంట సమయం సంపాదించాలి. డుంబ్రిగూడకో హుకుంపేటకో పిల్లల్ని తీసుకెళ్లడానికి జీపు కుదర్చాలి. తిరిగొచ్చేసరికి అన్నం ఉంచమని హాస్టల్ వార్డెన్‌కు ముందే చెప్పుకోవాలి. వీటిలో ఏదీ ఆట నేర్పడం కిందకు రాదు. వీటిలో ఏది తప్పినా ఆ రోజు ఆట ఉండదు. పెద్ద క్లబ్బులో ఇలాంటి పనులన్నీ కలిపి యాజమాన్యం అంటారు.

హైదరాబాద్ క్లబ్బు పుట్టుకే హడావుడిగా జరిగింది. 2019లో పుణె సిటీ క్లబ్బు మూతపడితే ఆ ఖాళీలోకి విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని హైదరాబాద్ పేరుతో వచ్చారు. తర్వాత రానా దగ్గుబాటి కూడా చేరాడు. కోచ్‌గా ఫిల్ బ్రౌన్‌ను తెచ్చారు. 2008లో హల్ సిటీని ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లోకి చేర్చిన మనిషి ఆయన. మొదటి మ్యాచ్‌లోనే ఏటీకే చేతిలో 5-0తో ఓడారు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో మొదటి ఆట నవంబరు 2న, కేరళ బ్లాస్టర్స్‌తో. కేరళ కుర్రాడు రాహుల్ ముందు గోల్ కొట్టాడు. స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు, మార్సెలినో ఫ్రీకిక్‌తో గెలిపించాడు. ఆ గెలుపు చూసి మనకూ ఒక జట్టుందని పొంగిపోయాం. ఆ సీజన్‌లో ఇంకొక్కసారే గెలిచారు. జనవరిలోనే బ్రౌన్‌ను పంపేశారు. 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లు, అట్టడుగు స్థానం.

కోచ్‌గా మనోలో మార్క్వెజ్ వచ్చింది 2020 ఆగస్టులో. అంతకుముందు తీసుకున్న ఆల్బర్ట్ రోకా బార్సిలోనాకు తిరిగి వెళ్లిపోవడంతో ఈయనకు పిలుపొచ్చింది. మనోలో చేసిన పని చూస్తే అందులో గారడీ ఏమీ కనిపించదు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, యాసిర్, హితేశ్ శర్మ లాంటి కుర్రాళ్లను ఎంచుకున్నాడు, వరసగా ఆడించాడు. ఇవాళ తప్పు చేసిన కుర్రాడు వచ్చే మ్యాచ్‌లోనూ మైదానంలో కనిపించేవాడు. పిల్లలతో పనిచేసే ఎవరికైనా ఈ ధైర్యం విలువ తెలుస్తుంది. వెనక నుంచి తప్పుడు పాస్ ఇచ్చి గోల్ ఇచ్చుకున్న పిల్లాణ్ని బయట కూర్చోబెడితే వాడు మళ్లీ ఎప్పుడూ చిన్న పాస్ ఇవ్వడు, బంతిని గుడ్డిగా బాదేస్తాడు.

మొదటి ఏడాది మనోలోకు దక్కింది అయిదో స్థానం, సెమీస్ అందలేదు. యాజమాన్యం ఆయన్ను కదిలించలేదు. అప్పటివరకు వాళ్లు చేసిన మంచి పనుల్లో నా లెక్కన అదే పెద్దది. మరుసటి ఏడాది ఒగ్‌బెచే 18 గోల్స్ కొట్టాడు, జట్టు ఫైనల్‌కు వెళ్లింది. 2022 మార్చి 20, గోవాలోని ఫతోర్డా. మళ్లీ కేరళే, మళ్లీ రాహులే ముందు గోల్ కొట్టాడు. ఆట ముగియబోతుండగా సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన దెబ్బకు స్కోరు సమమైంది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఆఖరి కిక్ కొట్టి కప్పు తెచ్చింది హలీచరణ్ నర్జారీ. అస్సాంలోని కోక్రాఝార్ నుంచి వచ్చిన బోడో యువకుడు. ఆ కిక్‌ను మా పిల్లలకు ఫోన్‌లో ఎన్నిసార్లు చూపించానో! వాళ్లకు ఒగ్‌బెచే పేరు నోరు తిరగదు, నర్జారీ పేరు మాత్రం మర్చిపోరు.

ఒక బాధ అప్పుడే మొదలైంది. కోవిడ్ వల్ల ఆ రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి. హైదరాబాద్ కప్పు గెలిచిన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా లేదు. జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చిన 2022-23లో పట్టికలో రెండో స్థానం దక్కింది, సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో పోయింది. విజేత జట్టుకు ఊరు అలవాటు పడాల్సిన సమయం అదే. సీజన్ అయిపోగానే మనోలో గోవా జట్టుకు వెళ్లిపోయాడు, వెనకే డబ్బు కథలు బయటపడ్డాయి.

2023-24 గురించి రాయాలంటే ఇప్పటికీ కోపం వస్తుంది. నెలల తరబడి జీతాలు అందలేదు. ఆటగాళ్లు ఫిఫా దాకా వెళ్లారు. బాకీలు తీర్చేదాకా కొత్తవాళ్లను తీసుకోవద్దని క్లబ్బు మీద నిషేధం పడింది. జనవరి వచ్చేసరికి చింగ్లెన్‌సనా, నిఖిల్ పూజారి బెంగళూరు దారి పట్టారు, యాసిర్ గోవాకు వెళ్లాడు. విదేశీ ఆటగాళ్లలో జువావ్ విక్టర్ ఒక్కడు మిగిలాడు. అతని చుట్టూ అకాడమీ కుర్రాళ్లు. మనోలో దగ్గర సహాయకుడిగా పనిచేసిన మణిపూర్ కోచ్ సింగ్టో చేతిలో ఈ జట్టును పెట్టి గెలిపించమన్నారు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, అయిదు డ్రాలు, 8 పాయింట్లు. ఆ ఒక్క గెలుపు చెన్నైలో, చెన్నైయిన్ మీద.

సింగ్టో ఆటంతా నచ్చి ఆయన్ను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. గోల్ పడ్డాక జట్టును మరీ వెనక్కి లాగేవాడని నా ఫిర్యాదు. ఎలాగూ ఓడుతున్నప్పుడు ఆ కుర్రాళ్లను ఇంకాస్త ముందుకు వదిలితే వాళ్లకు నేర్చుకోవడానికైనా పనికొచ్చేది. ఇది కోచింగ్ మీద పెట్టాల్సిన విమర్శ, పెడతాను. జీతం రాని ఆటగాణ్ని ఆపలేకపోవడం, కొత్త ఆటగాణ్ని తెచ్చుకోలేకపోవడం ఆయన ఖాతాలో రాయను. పట్టిక చూసేవాళ్లకు రెండు రకాల ఓటములూ ఒకే అంకెలో కనిపిస్తాయి. వాటిని విడదీసి చూడటం అభిమాని పని.

మరుసటి ఏడాది, 2024-25 సీజన్‌కు బి.సి. జిందాల్ గ్రూప్ కొత్త యజమానిగా వచ్చింది. సీజన్ ముంగిట్లో చేతులు మారిన క్లబ్బుకు జట్టు కూర్చుకునే సమయమే దొరకలేదు. డిసెంబరులో సింగ్టో వెళ్లిపోయాడు, శమీల్ చెంబకత్ పగ్గాలు పట్టాడు. 18 పాయింట్లతో 13 జట్లలో 12వ స్థానం. అప్పట్లో ఆ లీగ్‌లో ఆఖరున నిలిచినా కింది అంచెకు పడేది లేదు. పడితే నష్టమన్న భయం లేనిచోట యజమానిని నిలదీసేది ఎవరు? టికెట్ల డబ్బుతో జీతాలు సరిపోవు, యజమాని జేబే జట్టుకు ఆధారం. ఆ జేబు చిరిగిన రోజున బ్రౌన్ ఉన్నా మనోలో ఉన్నా ఒకటే.

మనోలో ఉంటే గట్టెక్కేవాళ్లం అనేవాళ్లకు నేను భారత జట్టును చూపిస్తాను. 2024 జులైలో ఆయన జాతీయ కోచ్ అయ్యాడు, గోవా క్లబ్బు పని కూడా తనే చూసుకున్నాడు. భారత్‌కు ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు, అదీ మాల్దీవుల మీద. ఏడాది తిరగ్గానే తప్పుకున్నాడు. అదే కాలంలో ఆయన చేతిలోని గోవా 2025 సూపర్ కప్పు గెలిచింది. ఒకే మనిషి, ఒకే బుర్ర. గోవాలో రోజూ పొద్దున్నే ఆటగాళ్లు ఎదురుగా ఉంటారు, జాతీయ జట్టులో నాలుగు రోజులు కలిసి విడిపోతారు. కోచింగ్‌ రోజువారీ సేద్యం. ఎవరో ఒకరు ఆ రోజుల్ని కోచ్ చేతికి ఇవ్వాలి, ఇచ్చినవాటిని కాపాడాలి.

హైదరాబాద్‌కు ఇది తెలియని సంగతి కాదు. రహీం సాబ్ ఊరది. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిపించాడు. ఆ జట్టు వాళ్లకు పోలీసు ఉద్యోగాలున్నాయి. నెల జీతం, ఉండటానికి ఊరు, పొద్దునా సాయంత్రం సాధనకు మైదానం. ఆయన ప్రతిభ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు, నాకు మాత్రం చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. తిండికి వెతుక్కోనక్కర్లేని ఆటగాళ్లు దొరికారు కాబట్టే ఆయన నేర్పగలిగాడు. డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న షరతుతో పోటీలు పెట్టేవాడు, బంతిని పక్కవాడికి అందించి తీరాలి. బలహీనమైన కాలితోనే ఆడాలని మరో పోటీ. ఆ రెండూ మా మళ్లలో పెట్టి చూశాం. కుడికాలి పిల్లలంతా ఎడమకాలితో తన్నబోయి జారిపడి నవ్వుకున్నారు. వారం గడిచాక ఒకడు ఎడమ మూల నుంచి సూటిగా గోల్ ముందుకు బంతి వేశాడు. ఖర్చు లేని పాఠం అది, 70 ఏళ్ల నాటిది.

రహీం సాబ్ నడిపిన భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అందులో అజీజ్, నూర్, జుల్ఫికర్, తులసీదాస్ బలరాం లాంటివాళ్లు హైదరాబాద్ మైదానాల్లో తేలినవాళ్లే. 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చి, మరుసటి ఏడాది జూన్‌లో ఆయన కేన్సర్‌తో కన్నుమూశాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఆ వెలుగు తగ్గిపోయింది. 2022లో హైదరాబాద్ పేరుతో కప్పు గెలిచిన ఆ రాత్రి మైదానంలోకి దిగినవాళ్లలో తెలుగు కుర్రాడు ఒక్కడూ లేడు.

నా అసలు అభ్యంతరం ఇక్కడుంది. ఆటగాళ్లు వేరే రాష్ట్రాల వాళ్లయితే నాకేం బాధ లేదు, నర్జారీని మా పిల్లలు నెత్తిన పెట్టుకున్నారని చెప్పాను కదా. కానీ ఒక క్లబ్బు ఊళ్లో అయిదారేళ్లుండి వెళ్లిపోతుంటే అడ్డుపడటానికి ఆ క్లబ్బుకు ఊరితో ఏదో ముడి ఉండాలి. మా పిల్లాడు ఆడుతున్నాడు, మా బడి మైదానంలో దొరికాడు, మా పీఈటీ మాస్టారు నేర్పాడు అనే ముడి. అది లేకపోతే కాగితాల మీద సంతకాలతో జట్టు ఊరు మారుతుంది, ఇక్కడ ఎవరూ రోడ్డెక్కరు. ఎవరూ ఎక్కలేదు. డుంబ్రిగూడ నుంచి వచ్చే ఒక ఎనిమిదో తరగతి కుర్రాడు మాత్రం నన్నడిగాడు: "ఏటి మాస్టారూ, మన టీము ఢిల్లీ ఎల్లిపోనాదంట. మరి మనమెవులికి సపోటు సెయ్యాల?"

శ్రీనిధి డెక్కన్ ఉందని చెప్పాను. ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండేళ్లూ రెండో స్థానంలో నిలిచిన జట్టు, ఇంకో మెట్టెక్కితే సూపర్ లీగ్‌లో ఉండేది. 2020లో ఐ-లీగ్‌కు ఎంపికైనప్పుడు దాని ఊరిగా విశాఖపట్నం పేరే ప్రకటించారు. ఆటలు మాత్రం హైదరాబాద్ శివార్లలో సాగాయి. విశాఖలో ఉండి ఉంటే మా పిల్లలు ఘాట్ రోడ్డు దిగి, ఎస్.కోట మీదుగా వెళ్లి మ్యాచ్ చూసి వచ్చేవాళ్లు. గచ్చిబౌలికైతే విశాఖ దాకా దిగి, గోదావరి ఎక్స్‌ప్రెస్ పట్టుకుని రాత్రంతా ప్రయాణం చెయ్యాలి. హాస్టల్ పిల్లల్ని అంత దూరం పంపడానికి ఏ తల్లిదండ్రులు ఒప్పుకుంటారు?

రేపు మరో సంపన్నుడు తెలుగునేల మీద సూపర్ లీగ్ జట్టు పెడతానని వస్తే, కోచ్ ఏ దేశం వాడని నేను అడగను. ఏడాది జీతాల డబ్బు మొదటి మ్యాచ్‌కు ముందే ఫెడరేషన్ దగ్గర జమ చేశారా అని అడుగుతాను. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరులలో పిల్లల్ని చూడటానికి ఎవరు ఎప్పుడు వస్తారో రాసివ్వమంటాను. కొండల్లో బలం, ఊపిరి ఉన్న పిల్లలకు కొదవలేదు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇవాళ భారత మహిళల జట్టుకు ఆడుతోంది. ఆ అమ్మాయి వెనక కూడా రోజూ మైదానానికి వచ్చి నేర్పిన చేతులున్నాయి.

అలాంటి చేతులు ఇక్కడ తయారవ్వాలంటే దారి ఉంది. ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు ఇచ్చే లైసెన్సుల్లో డి లైసెన్స్ కింది మెట్లలో ఒకటి, ఆశ్రమ పాఠశాలల పీఈటీలకు అది అందే చదువే. వాళ్లంతా విశాఖకో హైదరాబాద్‌కో సెలవు పెట్టి వెళ్లనక్కర్లేకుండా కోర్సునే కొండెక్కించవచ్చు. దానికి కావలసింది ఒక మైదానం, ఒక తరగతి గది, నేర్పే మనిషి. మొదటి రెండూ పాడేరులో ఉన్నాయి.