గుడ్డుకొచ్చిన పెట్టకు గూడు

స్టేషన్ ఘనపూర్ నుంచి భూపాలపల్లి వైపున్న ఘనపూర్ దాకా, పాత వరంగల్ జిల్లా పల్లెల్లో నాటుకోడి గుడ్డు పెట్టే గూడు అంటే ఒక పాత గంప, అందులో పరిచిన వరిగడ్డి, దాన్ని ఉంచిన కొట్టం మూలలోని చీకటి; ఈ మూడింటిలో చీకటే ముఖ్యమైనదని కోళ్లు సాకే ఆడవాళ్లకు తరతరాలుగా తెలుసు.

గూడు వెదకడం పెట్టకు ఒకరు నేర్పే విద్య కాదు. అండాశయంలో పచ్చసొన చుట్టూ ఉండే పలుచని సంచిని పుటకం అంటారు. అది చిట్లి సొన బయటపడ్డాక గుడ్డు పూర్తిగా తయారై రావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. ఖాళీ అయిన ఆ పుటకమే మర్నాడు పెట్టను గూడు వెదికేలా చేస్తుందని డేవిడ్ ఉడ్-గష్, గిల్బర్ట్ అనే శాస్త్రవేత్తలు 1960ల దశకంలో ఎడిన్‌బరోలో నిరూపించారు. లోపలి నుంచి పుట్టే ఈ అవసరాన్ని గుర్తించే ఐరోపా సమాఖ్య, గూడు లేని ఇనుప బోనుల్లో గుడ్లకోళ్లను ఉంచడాన్ని 2012 జనవరి 1 నుంచి నిషేధించింది. తెలంగాణలోని పెద్ద ఫారాల్లో ఇప్పటికీ అటువంటి బోనులే ఎక్కువ కావడం బాధాకరం.

అయితే గూడు కావాలన్న తపన పుట్టుకతో వచ్చినా, ఏ చోటు మంచిదన్న ఎంపిక పెరిగిన తీరును బట్టి ఉంటుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలు యంత్రంలో పొదగబడి, తల్లి వెంట తిరగకుండా, చదునైన నేలమీద పెరిగి పెరట్లోకి వస్తాయి కనుక, ఎత్తుకు ఎగరడం చిన్ననాడే అలవాటు కాని పెట్ట గూటిని వదిలి గడ్డివాము కిందనో కట్టెల మోపు చాటుననో గుడ్డు పెడుతుంది. కాబట్టి రెండో నెల దాటకముందే కొట్టంలో కూర్చునే కర్రలు అమర్చాలి, అవి గూళ్లకన్నా ఎత్తులో ఉండాలి. కోడి అన్నిటికన్నా ఎత్తైన చోటనే నిద్రపోతుంది, గూట్లో పడుకుంటే రెట్టతో గడ్డి పాడవుతుంది.

జుట్టు ఎర్రబడి, మనిషి చెయ్యి చాస్తే పెట్ట నేలకు ఒదిగి కూర్చుంటోందంటే గుడ్డుకు వచ్చిందన్నమాట. అప్పటికే, అంటే తొలి గుడ్డుకు రెండు వారాల ముందే, నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు గల పెట్టెలను, బరువైన వనరాజాకైతే నేలకు దగ్గరగా, సిద్ధం చేయాలి. గుడ్డు వేళకు పెట్ట గొంతు సాగదీసి కూస్తూ, మెడ చాచి గూట్లోకి తొంగి చూసి, లోపలికి వెళ్లి, బయటికి వచ్చి, మళ్లీ వెళ్లి, రొమ్ముతో గడ్డిని నొక్కి గుండ్రంగా తిరిగి, పుల్లలను ముక్కుతో వీపు మీదికి వేసుకుంటుంది. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపూ దాన్ని కదిలించరాదు. గుడ్లున్న చోటనే గుడ్డు పెట్టడం కోడి స్వభావం గనుక గూట్లో ఒక చెక్కగుడ్డును వదిలి, నేలమీద పెట్టిన దాన్ని వెంటనే ఏరివేయాలి. ఎక్కువ గుడ్లు ఉదయమే వస్తాయి కాబట్టి, తొలి వారం పది గంటల దాకా కొట్టం తలుపు తీయకపోవడం మేలు.

పెరటికోళ్ల పిల్లలను పంచే ప్రతి పథకమూ టీకాల వివరాలతో పాటు ఈ నాలుగు మాటలను కూడా తీసుకునేవారికి చెప్పి పంపాలి.