ఈకకు నాలుగున్నర, బొచ్చుకు అయిదున్నర

తిరునాళ్ళలో పలకపై వరుసగా కట్టిన రంగు బుడగలను పేల్చు గాలి తుపాకిని ఎరుగని విద్యార్థి తెలుగునాట అరుదు. దానిలో మందుగుండు ఉండదు. బారెలును మడచినపుడు లోపలి స్ప్రింగు ముడుచుకొనును. ట్రిగ్గరు నొక్కగనే ఆ స్ప్రింగు పిస్టనును ముందునకు నెట్టును. పిస్టను గాలిని అదిమిపెట్టును. ఆ గాలి చిన్న సీసపు గుండును బారెలు వెంట తరుముకొని పోవును. బుడగలవాని తుపాకి అరిగిపోయినదై, గుండు ఎటు పోవునో అతనికే తెలియకుండుట వేరు సంగతి.

ఇంగ్లండులో ఇదే జాతికి చెందిన, ఇంతకంటె ఎంతో మేలైన తుపాకులతో పైరును పాడుచేయు కుందేళ్ళను, అడవి పావురములను, గాదెలలోని ఎలుకలను, ఉత్తర అమెరికానుండి వచ్చి స్థిరపడిన బూడిదరంగు ఉడుతలను కొట్టుదురు. ఇట్టి తుపాకి కొనదలచిన వానికి మొదట ఎదురగు ప్రశ్న కాలిబరు, అనగా బారెలు లోవ్యాసము. ముఖ్యముగా వాడుకలో నున్నవి రెండు: 0.177 అంగుళము, అనగా 4.5 మిల్లీమీటర్లు, 0.22 అంగుళము, అనగా 5.5 మిల్లీమీటర్లు. 6.35 మిల్లీమీటర్లది కూడ కలదు గాని దానిని కోరువారు తక్కువ. ఏది మేలని అడిగినవానికి అక్కడి వేటగాండ్రు తరచుగా ఒక నానుడిని అప్పగించుదురు: ఈకలున్న దానికి నాలుగున్నర, బొచ్చున్న దానికి అయిదున్నర. పిట్ట చిన్నది, సున్నితమైనది, దానికి సన్నని గుండు చాలును. కుందేలు దిట్టమైనది, దానికి బరువైన గుండు కావలెను అని దీని తాత్పర్యము.

వినుటకు ఇంపుగా నున్న ఈ మాటను ఉన్నత పాఠశాలలో చదువు యంత్రశాస్త్రముతోనే పరీక్షించవచ్చును. లెక్క కొరకే ఇక్కడ కుందేలు ప్రసక్తి వచ్చుచున్నదని మరువరాదు. భారతదేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవి కుందేలును వేటాడుట నేరము.

నానుడిని పరీక్షించుటకు ముందు ఒక నిబంధనను గుర్తింపవలెను. ఇంగ్లండు, వేల్సులలో గాలి తుపాకినుండి వెలువడు గుండుకు 12 అడుగు-పౌనుల కంటె, అనగా సుమారు 16.3 జౌళ్ళకంటె ఎక్కువ శక్తి ఉన్నచో దానికి ప్రత్యేకమైన అనుమతి పత్రము కావలెను. అందుచేత సామాన్యముగా అమ్ముడుపోవు తుపాకులన్నియు, కాలిబరు ఏదైనను, ఈ హద్దుకు లోబడి దాదాపు ఒకే శక్తితో పనిచేయును. లెక్క సులభమగుటకు దానిని 16 జౌళ్ళనుకొందురు గాక. లీటరు నీటిని నేలమీదినుండి ఒక మీటరున్నర కంటె కొంచెము ఎత్తునకు లేపుటకు పట్టు శక్తి ఇంతే. ఈ కొద్ది శక్తిని గుండు రెండు విధములుగా మోయవచ్చును: తేలికగా ఉండి వేగముగా పోవుట ఒకటి, బరువుగా ఉండి నిదానముగా పోవుట రెండవది. కాలిబరును ఎన్నుకొనుట అనగా నిజమునకు ఈ రెంటిలో ఒకదానిని ఎన్నుకొనుటయే.

సామాన్యముగా 4.5 గుండు బరువు 0.55 గ్రాము ఉండును, 5.5 గుండు 1.04 గ్రాములుండును. గతిజశక్తి సూత్రమునుబట్టి మొదటిది సెకనుకు 241 మీటర్ల వేగముతోను, రెండవది 175 మీటర్ల వేగముతోను బయలుదేరును. శక్తి ఒకటే. ద్రవ్యవేగము మాత్రము ఒకటి కాదు. మొదటి దానికి 0.13 కిలోగ్రాము-మీటరు/సెకను, రెండవ దానికి 0.18. నానుడిని సమర్థించువారు ఇక్కడ పట్టు దొరికినదని సంతోషింతురు. బరువైన గుండు "గట్టిగా గుద్దును", "జంతువును పడదోయును" అనుచుందురు.

ఈ పడదోయుట ఎంతో చూడవలెను. ఒకటిన్నర కిలోగ్రాముల కుందేలు శరీరములో గుండు పూర్తిగా నిలిచిపోయి, తన ద్రవ్యవేగమునంతయు దానికి ఇచ్చినదనుకొందము. కుందేలుకు వచ్చు వేగము 5.5 గుండుతో సెకనుకు 12 సెంటీమీటర్లు, 4.5 గుండుతో 9 సెంటీమీటర్లు. చీమకంటె వేగమే గాని, దీనిచే పడిపోవు జంతువు లేదు. న్యూటను మూడవ నియమమును నేర్చిన విద్యార్థికి లెక్క కూడ అక్కరలేదు: జంతువును పడదోయగల గుండు, బయలుదేరునపుడు తుపాకి పట్టినవాని భుజమును కూడ అంతే ద్రవ్యవేగముతో నెట్టవలెను. గాలి తుపాకి పేల్చి వెల్లకిల పడినవాడు లేడు.

మరి ఈ గుండు ఎట్లు చంపును? మెదడును తాకి చంపును. పెద్ద తుపాకుల గుండ్లవలె చుట్టు కణజాలమును చిందరవందర చేయగల శక్తి దీనికి లేదు. తలలో తగులవలసిన చోట తగిలినచో కుందేలు తక్షణము చనిపోవును; కడుపులోనో తొడలోనో తగిలినచో అది బొరియలో దూరి గంటలకొలది, ఒక్కొక్కసారి రోజులకొలది బాధపడి చచ్చును. ఈ విషయములో 4.5 కు 5.5 కు భేదము లేదు. కుందేలు తలలో గురిపెట్టదగిన చోటు సుమారు మూడు సెంటీమీటర్ల వ్యాసము గల వృత్తము. కాలిబరు ప్రశ్న ఈ వృత్తమును గురించిన ప్రశ్నగా మారవలెను. నానుడిలో ఆ వృత్తము ఊసే లేదు.

గుండు బారెలు విడిచిన క్షణమునుండి నేలవైపు జారుచుండును. 30 మీటర్లు పోవునప్పటికి 4.5 గుండు 7.6 సెంటీమీటర్లు, 5.5 గుండు 14.3 సెంటీమీటర్లు జారును. గాలి నిరోధమును, గురి చూచు దుర్బిణి బారెలుకంటె ఎత్తున ఉండుటను ఇందు లెక్కింపలేదు. అవి చేర్చినచో అంకెలు మారి, రెంటి మధ్య తారతమ్యము కొంత తగ్గును గాని తారుమారు కాదు. ఇక్కడ ఉపాధ్యాయులు తరగతిలో చూపదగిన చక్కని ఫలితమొకటి కలదు. శక్తి ఒకటే అయినపుడు, ఒకే దూరములో గుండు జారుడు దాని ద్రవ్యరాశికి అనులోమానుపాతములో నుండును. బరువు రెట్టింపైనచో జారుడు రెట్టింపు. సూత్రములో వేగమునకు బదులు శక్తిని ప్రతిక్షేపించినచో రెండు పంక్తులలో తేలును.

జారుడు స్వతః దోషము కాదు. దూరము తెలిసినచో అంత ఎత్తున గురిపెట్టి సరిచేయవచ్చును. ఒలింపిక్సులో గాలి రైఫిలు పోటీ సరిగా 10 మీటర్ల దూరమున జరుగును, గుండు 4.5 మిల్లీమీటర్లది, కొట్టవలసిన నడిమి చుక్క వ్యాసము అర మిల్లీమీటరు. 2008 లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణ పతకమును, 2012 లో లండనులో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్య పతకమును గెలుచుకొన్నది ఈ పోటీలోనే. వారి చేతి నిలకడ అసాధారణము; కాని వారికి దూరము మారదు. పొలము గట్టున కూర్చున్న వేటగాడు కుందేలు ముప్పది మీటర్లలో నున్నదో, ముప్పదియైదులో నున్నదో కంటితో అంచనా కట్టవలెను. సంజవేళ, గడ్డి మధ్య, అయిదు మీటర్లు పొరబడుట ఎవరికైనను సహజము.

ఆ పొరపాటుకు పడు శిక్ష రెండు గుండ్లకు సమానము కాదు. 30 మీటర్లకు గురి సరిచేసిన తుపాకితో 35 మీటర్లలో నున్న కుందేలును కొట్టినపుడు, పైన చెప్పిన సరళమైన లెక్క ప్రకారము 4.5 గుండు గురికి 1.5 సెంటీమీటర్లు కిందుగా తగులును. వృత్తము అంచున, తప్పీతప్పక. 5.5 గుండు 2.8 సెంటీమీటర్లు కిందుగా పోవును. వృత్తము వ్యాసార్ధము 1.5 సెంటీమీటర్లే గనుక అది మెదడును విడిచి దవడనో గొంతునో చీల్చును. లావుపాటి గుండు కొద్దిగా తప్పినను పనిచేయునని వాదించువారు దాని లావు ఎంతో కొలిచి చూడవలెను. రెండు గుండ్ల వ్యాసార్ధములకు భేదము అర మిల్లీమీటరు. లావువలన కలిసివచ్చునది అర మిల్లీమీటరు. జారుడువలన చేజారునది పదమూడు మిల్లీమీటర్లు. బొచ్చున్న కుందేలుకే, అందులోను దూరమున నున్న కుందేలుకే, నానుడి చెప్పినదానికి విరుద్ధమైన గుండు మేలని లెక్క చెప్పుచున్నది.

అయితే నానుడిని పూర్తిగా కొట్టివేయుట కూడ న్యాయము కాదు. గాదెలో పన్నెండు మీటర్ల దూరమున ఎలుకను కొట్టువానికి జారుడు బాధ లేదు. అక్కడ మూడు మీటర్లు పొరబడినను రెండు గుండ్లకు తేడా మూడు నాలుగు మిల్లీమీటర్లే. అంత దగ్గర మరొక చిక్కు వచ్చును. 4.5 గుండు చదరపు మిల్లీమీటరుకు ఒక జౌలు చొప్పున శక్తిని మోయును, 5.5 గుండు మూడింట రెండు వంతులే. సన్ననిది సూదివలె చిన్న శరీరమును దూసుకొని ఆవలికి పోవును, తన శక్తిలో కొంత భాగము తనతోనే తీసుకొనిపోవును, వెనుకనున్న గోడకో మనిషికో తగులును. లావుది లోపలనే నిలిచిపోవుట కెక్కువ అవకాశము. పైగా చదరపు మిల్లీమీటరుకు దాని ద్రవ్యరాశి ఎక్కువ గనుక గాలిలో అది తన వేగమును మెల్లగా కోల్పోవును. కనుక నానుడిలో "ఈక", "బొచ్చు" అనుచోట్ల "దూరము", "దగ్గర" అని పెట్టినచో అది చాలవరకు నిలబడును. తప్పు కాలిబరులలో లేదు, విభజించిన పద్ధతిలో నున్నది.

ఇంకొక తప్పు దానిని దేశాంతరము పంపుటలో నున్నది. అమెరికాలో ఇంగ్లండులోవలె శక్తికి 12 అడుగు-పౌనుల హద్దు లేదు. అక్కడ సిలిండరులో ముందే నింపిన అధిక పీడనపు గాలితో పనిచేయు తుపాకులనుండి 5.5 గుండు 40 జౌళ్ళతో కూడ వెలువడవచ్చును. అప్పుడు దాని వేగము సెకనుకు 277 మీటర్లు. అదే అయిదు మీటర్ల పొరపాటుకు జారుడు 1.1 సెంటీమీటర్లు. ఇంగ్లండులోని 4.5 గుండు కంటె ఇది చదునుగా పోవును. ఒకే పీడనము గల గాలి లావైన గుండు వెనుక ఒకటిన్నర రెట్లు వైశాల్యముపై నెట్టును గనుక, హద్దు లేనిచోట పెద్ద కాలిబరుకు ఎక్కువ శక్తి రాబట్టుట సులభము కూడ. 1780 ప్రాంతమున ఆస్ట్రియా సైన్యము వాడిన జిరార్డోనీ గాలి రైఫిలు కాలిబరు దాదాపు 12 మిల్లీమీటర్లు. శక్తి ఎంతో చెప్పక కాలిబరు ఏది మేలో చెప్పువాడు, సమీకరణములో సగము చెరిపివేసి జవాబు అడుగుచున్నాడు.

అమ్మకపు పట్టికలు చేయు చెరుపు ఇంకొక తీరున నుండును. వానిలో శక్తి కనబడదు, వేగమొక్కటే పెద్ద అక్షరములతో కనబడును. సెకనుకు 1,200 అడుగులు, అనగా 366 మీటర్లు, అని వ్రాసినది చూచి కొనువాడు మురిసిపోవును. ఇట్టి వేగములు తరచుగా సీసముతో గాక తేలిక మిశ్రలోహముతో చేసిన గుండుతో సాధించినవి. 0.33 గ్రాముల గుండుకు ఆ వేగమిచ్చు 22 జౌళ్ళ శక్తి, మామూలు సీసపు గుండుకు 283 మీటర్ల వేగమే ఇచ్చును. మరియు 366 మీటర్ల వేగము ధ్వని వేగమునకు మించినది. నడుము సన్నగా, వెనుక గుల్లగా చేసిన ఈ గుండ్ల ఆకారము ధ్వని వేగమునకు లోబడి పోవుటకే తగినది; ఆ హద్దును దాటి తిరిగి దిగునపుడు గుండు తొట్రుపడి గురి చెదరును. పట్టికలోని అంకె గొప్పదగుకొలది మూడు సెంటీమీటర్ల వృత్తము దూరమగుచుండును.

దూరమును కొలుచు లేసరు పరికరము ఇప్పుడు వేటగాని జేబులో పట్టుచున్నది. అది చేతనున్నవానికి అయిదు మీటర్ల పొరపాటు అరమీటరుకు దిగును, 5.5 గుండు జారుడు ఒక పట్టిక చూచి సరిచేయు వ్యవహారమగును. చదునైన మార్గమువలన 4.5 కు కలిగిన ఆధిక్యము చాలవరకు కరగిపోవును. అది లేక కంటినే నమ్ముకొన్నవాడు పొలములో ఒక గుంజను పాతి, దూరము ఊహించి, తరువాత అడుగులతో కొలిచి చూచుకొనవచ్చును. పదిసార్లలో ఎన్నిసార్లు ఎన్ని మీటర్లు తప్పెనో వ్రాసుకొన్న ఆ కాగితమే, ఏ కాలిబరు కొనవలెనో అతనికి చెప్పును.