చెప్పుకో చూద్దాం!

తెలుగింటి పిల్లలకు మాటలు వచ్చేలోపే "పట్టుకో చూద్దాం", "ఎక్కు చూద్దాం" అన్న పిలుపులు చెవిన పడతాయి. అన్నం వద్దని మారాం చేసే పిల్లాడితో అమ్మ "ఈ ముద్ద కాకి తింటుందో, నువ్వు తింటావో చూద్దాం" అంటుంది. నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. సవాలు విసిరే మాటలకు తెలుగులో కొదవ లేదు. కాస్కో, దమ్ముంటే రా, తేల్చుకుందాం... వీటన్నిటిలోకీ నాకు ఈ "చూద్దాం" మీదే మక్కువ. "చెయ్యి, చూస్తాను" అన్నవాడు గట్టున నిలబడతాడు. "చెయ్యి, చూద్దాం" అన్నవాడు నీళ్లలోకి దిగి పక్కన నిలబడతాడు.

చోటు మారితే దీని రంగూ మారుతుంది. చేబదులు అడిగినప్పుడు "చూద్దాం లెండి" అన్నారంటే ఆశ వదులుకోవచ్చు. "చూసుకుందాం" అన్నారంటే చొక్కా చేతులు మడుస్తున్నట్టే.

ఆటగా పలికే "చూద్దాం"కి అసలు ఇల్లు పొడుపుకథ. వేరుశనగకాయలు ఒలుస్తూనో, చింతపండులో గింజలు తీస్తూనో, చేతులకు పని ఉండి నోటికి తీరిక దొరికిన వేళ అమ్మమ్మ మొదలుపెడుతుంది. తోక లేని పిట్ట ఒకటి తొంభై ఆమడలు పోతుందట, ఏమిటో చెప్పుకో చూద్దాం. "పిట్ట" అనగానే పిల్లల ఊహ చెట్టెక్కుతుంది. "తోక లేని" అన్నది వాళ్లను ఆ చెట్టు దించడానికి, "తొంభై ఆమడలు" అన్నది దారి చూపించడానికి. జవాబు ఉత్తరం. వర్ణన నిజం, పేరు మాత్రం మారువేషం. అక్కడే ఉంది పొడుపు నేర్పంతా.

ఈ ఆటలో మర్యాదలు కూడా ఉన్నాయి. తినేదా, ఇంట్లో ఉండేదా, ప్రాణం ఉన్నదా అని పిల్లలు ఆరా తీయవచ్చు. పొడిచినవారు దాచకుండా బదులివ్వాలి. చేతులెత్తేస్తే విప్పి చెప్పాలి. విన్నాక "ఓస్, ఇంతేనా!" అనిపించకపోతే ఆ పొడుపు సరిగ్గా కుదరనట్టే. చందమామ చదివి పెరిగినవారికి బేతాళుడి ప్రశ్నలు గుర్తుంటాయి. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుందని అతడి హెచ్చరిక. అదీ సవాలే. కాని అమ్మమ్మ ఒళ్లో ఎవరి తలకూ ఆ భయం లేదు కాబట్టే నోటికొచ్చిన జవాబల్లా చెప్పి చూసే ధైర్యం పిల్లలకు వస్తుంది.

ఇదే ఆట పండితుల సభకు వెళ్లి అవధానమైంది. అష్టావధానంలో 8 మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవారు. సమస్య ఇచ్చేవారు అర్థం పొసగని పద్యపాదం ఒకటి ఇస్తారు. దానికి అర్థం కుదిరేలా అవధాని పద్యం పూరించాలి. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడైతే అవధాని నోటికి రాబోయే అక్షరాన్ని ముందే పసిగట్టి వద్దంటాడు. ఆ పని తానూ పద్యం అల్లగలవాడికే సాధ్యం. ఇంత అడ్డుపడి కూడా, అవధాని గట్టెక్కినప్పుడు అందరికంటే ముందు "ఆహా" అనేది ఆ పృచ్ఛకుడే. అవధానాన్ని నేను ప్రేమించేది ఆ ఒక్క క్షణం కోసం.

అడిగే తీరును బట్టి జవాబు ఎలా మారుతుందో తెనాలి రామకృష్ణుడి చాటుకథ చెబుతుంది. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న సమస్యను గిట్టనివాళ్లు ద్వారపాలకుడి చేత అడిగించారట. కించపరచడానికే అడిగించారని గ్రహించిన కవి తిట్టుపద్యంతో బదులిచ్చాడు. అదే సమస్యను శ్రీకృష్ణదేవరాయలు స్వయంగా అడిగేసరికి, జూదంలో ఓడిన పాండవులు విరాటుడి కొలువులో చేరిన ఘట్టం పద్యమైంది. అంతటివారు అంత చిన్న చోట ఇమడవలసి రావడం అన్నమాట. సమస్య మారలేదు, అడిగిన మనసు మారింది.

తిరుపతి వేంకట కవులైతే సవాలును మూతి మీదే పెట్టుకు తిరిగారు. తప్పని తెలిసే మీసాలు పెంచామని, సంస్కృతాంధ్రాల్లో తమను గెలిచినవారు ఉంటే వాటిని తీసేసి మొక్కుతామని పద్యంలోనే చాటారు. మన సినిమా మీసం మెలేసినప్పుడు, తొడ కొట్టినప్పుడు అదే పౌరుషాన్ని తెర మీదికి తెచ్చింది. కాకపోతే తెర మీద ఓడినవాడికి మిగిలేది అవమానమే.

ఈ రోజుల్లో "చూద్దాం" ఫోన్లో ఎక్కువగా కనిపిస్తోంది. ఈ బొమ్మలో దాక్కున్న పిల్లిని పది సెకన్లలో కనిపెట్టండి చూద్దాం, నూటికి తొంభై తొమ్మిది మంది కనిపెట్టలేరు! మాట పాతదే, కాని ఆరా తీయడానికి అవతల మనిషి లేడు. పైగా ఓడిపోతావన్న జోస్యం ముందే వినిపిస్తుంది. పిల్లలకు ఇది చాలదని నా గట్టి నమ్మకం.

ఉత్తరం ఎరగని పిల్లలకు తోక లేని పిట్ట దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు పొడిచే వంతు వాళ్లకే ఇవ్వాలి. గోడ పట్టుకుని తాగుతుంది, కడుపు నిండితే ఊరంతటితో మాట్లాడుతుంది... ఇలాంటిది ఒకటి వాళ్లే అల్లుతారు. పెద్దవాళ్లు తినేదా, ప్రాణమున్నదా అని అడుగుతుంటే, పక్కనే చార్జింగ్‌లో ఉన్న ఫోన్ వైపు చూడకుండా ఉండటానికి వాళ్లు నానా తంటాలు పడతారు.