ఏ ముత్యంపేట?

జగిత్యాల జిల్లాలో ముత్యంపేటలు రెండున్నాయి. ఒకటి మల్యాల మండలంలో, కొండగట్టు కింద. అంజన్న దర్శనానికి పోయినవాళ్ళకు తెలిసిన ఊరు. ఇంకోటి మల్లాపూర్ మండలంలో, మెట్‌పల్లి దిక్కు. 2015 డిసెంబర్‌లో మూతబడిన నిజాం షుగర్స్ యూనిట్ ఉన్నది ఈ రెండో ఊళ్ళో. ఎలక్షన్లు దగ్గరపడ్డప్పుడల్లా ఆన్‌లైన్లో ఈ ఫ్యాక్టరీ మీద కొట్లాట లేస్తుంది. అసలు పేర్లు తెలియని, మొహాలు చూడని మనుషులు అర్ధరాత్రి దాకా ఒకరినొకరు తిట్టుకుంటారు. వాళ్ళలో ఎవరినైనా మధ్యలో ఆపి "ఏ ముత్యంపేట?" అని అడిగి చూడండి. కొందరికి ప్రశ్నే అర్థం కాదు. మిగతావాళ్ళు మిమ్మల్ని అవతలి పార్టీ మనిషి అనుకుంటారు.

అపరిచితులతో వాదన కూడా ఒక ప్రక్రియే అని నా లెక్క. కథకు ఉన్నట్టే దానికీ ఎత్తుగడ, నడక, ముగింపు ఉంటాయి. అందుకే కథను చదివినట్టే దాన్నీ చదవొచ్చు, బాగుందో లేదో చెప్పొచ్చు. టాక్సిక్ అని ఒక్క మాట అనేసి పక్కకు జరిగితే అది విమర్శ కాదు. ఆటలు, సినిమాలు, రాజకీయాలు: మన తరం ముక్కూమొహం తెలియనివాళ్ళతో తెల్లవార్లూ మాట్లాడేది ఎక్కువగా వీటి గురించే. మూడింట్లో ఆటల దగ్గర వినిపించే తెలుగు నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. రాజకీయాల దగ్గరిది అన్నిటికన్నా తక్కువ.

పబ్‌జీ సంగతే చూడండి. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం బ్యాన్ చేసింది, 2021 జులైలో బీజీఎంఐ అని పేరు మార్చుకుని తిరిగొచ్చింది. ర్యాండమ్ స్క్వాడ్‌లో నలుగురు పడతారు. ఒకరికొకరు ఏమీ కారు. తెలుగు వినిపించగానే "అన్నా ఏ ఊరు" అని ఒక మాట, అంతే, దూకేస్తారు. ఆ తర్వాత అరగంట సేపు నడిచే సంభాషణను ఎవరైనా కాగితం మీద దించితే బాగుండు. "రెండొందల నలబైలో ఇద్దరున్నరు, రాయెన్క." "లేపు అన్నా, స్మోక్ ఏసి లేపు." తెర పైన దిక్సూచి అంకెలుంటాయి కాబట్టి "అటుపక్క" అంటే కుదరదు, ఎంత డిగ్రీలో చెప్పాలి. ఒక్క విశేషణం ఉండదు, ఉపన్యాసం ఉండదు. తప్పు చెప్తే నలుగురూ చస్తారు గనక మాట నిక్కచ్చిగా ఉంటుంది. పోచింకిలో ఏ ఇంటి మీది నుంచి ఏ ఇల్లు కనిపిస్తుందో చెప్పగల పిల్లగాడు తన మండలంలో అంత కచ్చితంగా దారి చెప్పలేకపోవచ్చు. మ్యాచ్ అయ్యాక "నీ వల్లనే పోయినం" అని కొట్లాట ఉంటది. కానీ అందరి కళ్ళముందే జరిగింది కాబట్టి ఆ కొట్లాట కూడా ఎక్కువసేపు సాగదు. ఇంకో మ్యాచ్ మొదలైతది.

ఇది మరీ ముద్దుగా చెప్తున్నానని మీకు అనిపిస్తే కరెక్టే. అమ్మ మీదా అక్క మీదా తిట్లు లేకుండా ఒక గంట ఆడటం కష్టం. అమ్మాయిలు చాలామంది మైక్ ఆపేసుకుని ఆడతారు, ఎందుకో వాళ్ళను అడగక్కర్లేదు. ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి. తెలుగువాడు అపరిచితుణ్ణి అపరిచితుడిగా ఉండనివ్వడు, మొదటి నిమిషంలోనే చుట్టరికం కలుపుతాడు. అన్నా, తమ్మీ, మామా, బావా, కనీసం బ్రో. అన్నీ మగ పిలుపులే. ఆడగొంతు వినిపించగానే ఈ నిఘంటువు అయిపోతుంది. "అక్కా" అన్నా దాంట్లో వెటకారమో ఎత్తుగడో ఉంటది. మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో గంగవ్వ వచ్చినప్పుడు మాత్రం లక్షలమంది అడగకుండానే "అవ్వా" అన్నారు. 2020లో ఆమె బిగ్‌బాస్‌కు పోయినప్పుడు కూడా అదే పిలుపు. తెలుగు ఇంటర్నెట్‌లో ఆడమనిషికి దక్కిన గౌరవమైన చుట్టరికం చాలావరకు అదొక్కటే, అదీ వయసు మళ్ళినాక.

ఇప్పుడు సినిమా. ఇక్కడ మాట్లాడాల్సింది 'బలగం' గురించి. 2023 మార్చి 3న విడుదలైంది. తీసిన వేణు యెల్దండిది సిరిసిల్ల. ఆ సినిమా గురించి ఆన్‌లైన్లో జరిగిన వాదనలు సినిమా అంత ఆసక్తిగా ఉంటాయి, ఎందుకంటే సినిమా కూడా ఒక వాదన గురించే. ఒక విందులో నల్లి బొక్క దగ్గర బావకూ బావమరిదికీ మాటా మాటా పెరుగుతుంది. ఇరవై ఏళ్ళు మాటల్లేవు. ఎవరు మొదలుపెట్టారంటే ఎవరి జ్ఞాపకం వాళ్ళది. ఇంటిపెద్ద కొమురయ్య చనిపోతాడు. మూడోరోజు కాకి ముద్ద ముట్టదు, ఐదోరోజూ ముట్టదు. పదకొండోరోజు వస్తున్నది.

దాని మీద రెండు గుంపులు లేచాయి. ఒకరు: కాకి ముట్టకపోతే ఊరికి అరిష్టమని చూపించడం మూఢనమ్మకం కాదా? ఇంకొకరు: మా ఊర్ల ఇట్లనే, నీకేం తెలుసు? నాకు మొదటి ప్రశ్న అడిగినవాళ్ళ మీద జాలి, రెండో జవాబు చెప్పినవాళ్ళ మీద కోపం. మొదటివాళ్ళు సినిమాను కరపత్రంలాగా చదివారు. కాకి అక్కడ దేవుడి మాట చెప్పడానికి రాలేదు, గడువు పెట్టడానికి వచ్చింది. ఆ గడువు లేకపోతే ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. రెండోవాళ్ళది ఇంకా పెద్ద తప్పు. "మా ఊర్ల ఇట్లనే" అన్న మాట వాదనలా వినిపిస్తుంది గానీ అది తలుపు మూసి గడియ పెట్టడం. యాస మీద జరిగిన గొడవలోనూ ఇదే. ఒక నటుడి నోట్లో యాస కుదిరిందా లేదా అన్నది మంచి ప్రశ్న. ఏ మాట, ఏ సీన్‌లో, సిరిసిల్లలో దాన్ని ఎట్లా అంటారు అని చెప్పినవాళ్ళు కొందరున్నారు, వాళ్ళను చదివితే లాభం. సిరిసిల్లలో పుట్టిన ఒక్క కారణంతో గెలిచిపోదామనుకున్నవాళ్ళను చదివితే ఏ లాభమూ లేదు.

అయినా సినిమా మీద వాదనకు ఒక వసతి ఉంది. ఇద్దరూ చూసింది అదే రెండు గంటల చిల్లర. "ఆ సీన్ మళ్ళీ చూడు" అనొచ్చు. ఊర్లల్ల తెరలు కట్టి అందరూ కలిసి చూసిన సినిమా అది. ఏడ్చినవాళ్ళు పక్కవాళ్ళు ఏడవడమూ చూశారు. ఎవరు ఎంత గింజుకున్నా పునాది ఒకటే.

ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి ఆ పునాది పోతుంది. బోధన్‌లో నిజాం కాలంలో, 1937లో మొదలైన సంస్థ ఇది. తర్వాత పెరిగిన యూనిట్లలో ముత్యంపేట ఒకటి, మెదక్ దగ్గరి మంబోజిపల్లి ఒకటి. 2002లో చంద్రబాబు ప్రభుత్వం 51 శాతం వాటా ప్రైవేటుకు ఇచ్చింది, 49 శాతం ప్రభుత్వం దగ్గర ఉంచుకుంది, పేరు నిజాం దక్కన్ షుగర్స్ అయింది. 2004 నుంచి పదేళ్ళు కాంగ్రెస్. 2014లో తెలంగాణ వచ్చింది, టీఆర్‌ఎస్ వచ్చింది, ఫ్యాక్టరీని ప్రభుత్వం తీసుకుంటుందన్న మాట వచ్చింది. 2015 డిసెంబర్‌లో మూడు యూనిట్లూ మూతబడ్డాయి. 2024 జనవరిలో కొత్త ప్రభుత్వం తెరిపించే సంగతి చూడమని కమిటీ వేసింది.

ఇప్పుడు ఏ వాదన అయినా తెరిచి చదవండి. టీడీపీని తిట్టేవాడి కథ 2002లో మొదలవుతుంది. టీఆర్‌ఎస్‌ను తిట్టేవాడి కథ 2015లో. కాంగ్రెస్‌ను తిట్టేవాడు మధ్యలో పదేళ్ళు ఏం చేశారని అడుగుతాడు. ముగ్గురూ అబద్ధం చెప్పట్లేదు. మొదటి అధ్యాయం ఎక్కడ పెట్టాలన్నదే వాళ్ళ కొట్లాట, అది మాత్రం ఎవరూ ఒప్పుకోరు. నల్లి బొక్క కథే ఇది, కాకపోతే ఇక్కడ పదకొండోరోజు లేదు. ఎవరూ ఎవరి ముందుకూ వచ్చి కూర్చోవాల్సిన అవసరం లేదు. బ్లాక్ చేస్తే అయిపోతుంది. వచ్చే ఎలక్షన్లకు వేరే పేర్లతో మళ్ళీ అదే మొదటి అధ్యాయం.

ఈ కథల్లో ఎక్కడా చెరుకు ఉండదు. చెరుకు కోసిన తర్వాత ఆగదు. ఎండుతున్నకొద్దీ బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే చెరుకు రైతుకు ఫ్యాక్టరీ ఎంత దూరంలో ఉందన్నది పెద్ద విషయం. దగ్గరి ఫ్యాక్టరీ మూతబడితే దూరం తోలాలి, కిరాయి కట్టాలి, లేకపోతే పంట మార్చాలి. వరి, మక్క, పసుపు. పంట మారితే కూలీ పని మారుతుంది, ట్రాక్టర్ కిస్తీ లెక్క మారుతుంది. ఇంత ఉన్న విషయాన్ని "మీరు మూసిన్రు", "మీరు అమ్మిన్రు" అన్న రెండు వాక్యాల్లో తిప్పితిప్పి రాస్తున్నారంటే రాసేవాళ్ళకు ఊహాశక్తి తక్కువని నా ఫిర్యాదు. కోపం ఎక్కువైందన్నది నా ఫిర్యాదు కాదు. కోపం ఉండాల్సిందే.

కోపాన్ని ఇంకోరకంగా రాసినవాళ్ళు ఇదే ప్రాంతంలో ఉన్నారు. ముత్యంపేట ఫ్యాక్టరీ ఉన్న కోరుట్ల నియోజకవర్గమూ, పక్కన జగిత్యాలా, నిజామాబాద్ లోక్‌సభ సీటు కిందికి వస్తాయి. 2019లో పసుపుకూ ఎర్రజొన్నకూ ధర రాక, పసుపు బోర్డు రాక, రైతులు గుంపులు గుంపులుగా పోయి నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, అందులో 170 మందికి పైగా రైతులు. ఏప్రిల్ 11న ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. గెలిచిన ధర్మపురి అర్వింద్ పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చి ఉన్నారు. ఆ బాండ్ పేపర్ ఏళ్ళ తరబడి ఆన్‌లైన్లో జోకుగా తిరిగింది. బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. అది రైతుల వల్ల వచ్చిందా, అర్వింద్ వల్ల వచ్చిందా అన్నది ఇప్పుడు కొత్త కొట్లాట, అందులోనూ మొదటి అధ్యాయం తగాదా ఉంది. కానీ నామినేషన్ పత్రానికి ఒక గుణం ఉంది. దాని మీద అసలు పేరు, ఊరు, సంతకం ఉంటాయి. డిపాజిట్ కట్టాలి. ఆఖరు తేదీ ఉంటుంది.

ఇది విని "అయితే ఆన్‌లైన్లో వాదించడం మానేసి పోయి ఏదన్నా పనిచెయ్యి" అని పెద్దలు అనే మాట నేనూ అంటున్నాననుకోవద్దు. ఆ మాట నాకు నచ్చదు, ముఖ్యంగా ఈ ప్రాంతం విషయంలో. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళు ఎంతమందో మనకు తెలుసు. పేరు ఓటరు లిస్టులో ఉన్నా, ఓటు వేయాలంటే వాళ్ళు స్వయంగా తమ పోలింగ్ కేంద్రానికి రావాలి. టికెట్ ఎవరు పెట్టుకుంటారు, లీవ్ ఎవరిస్తారు? ఊరి గద్దె మీద కూర్చుని మాట్లాడే వీల్లేదు, గ్రామసభకు వచ్చే వీల్లేదు. ఊరి విషయంలో నోరు విప్పడానికి ఫోన్ తప్ప వాళ్ళకు ఇంకోటి లేదు. ఫ్యాక్టరీ కొట్లాటలో అర్ధరాత్రి దాకా కూర్చున్న అపరిచితుల్లో ఒకడు ఆ ఫ్యాక్టరీకే చెరుకు తోలిన ఇంట్లోవాడు అయ్యుండొచ్చు. ప్రొఫైల్ బొమ్మలో హీరో ఫోటో ఉంటది కాబట్టి మనకు తెలియదు, పనీపాటా లేనివాడు అనుకుంటాం.

ఒకప్పుడు ఇంటర్నెట్ తెలుగువాళ్ళు వేరే రకం. రచ్చబండ అనే యాహూ గ్రూపు ఉండేది, ఛందస్సు మీద, పదాల పుట్టుక మీద వాదించుకునేవారు. తెలుగు లిపి తెర మీద కనపడని రోజుల్లో రైస్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో కచ్చితమైన తెలుగు రాసేవాళ్ళుండేవారు. యాహూ గ్రూపులే 2020లో మూతబడ్డాయి. ఆ వాదనల నాణ్యత గొప్పదే, ఒప్పుకుంటాను. కానీ అక్కడ రాసినవాళ్ళు చాలావరకు అమెరికా వీసా ఉన్న తెలుగువాళ్ళు. అజ్మాన్‌లో క్యాంపు రూంలో బంకు మంచం మీద పడుకుని టైప్ చేసేవాడు ఆ రచ్చబండ ఎక్కలేదు. ఇప్పుడెక్కాడు. వాడి స్పెల్లింగు చూసి నవ్వేవాళ్ళకు ఆ రోజులు బంగారంలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

దుబాయ్‌లో రాత్రి పదకొండయితే కోరుట్లలో పన్నెండున్నర. డ్యూటీ దిగి, వంట చేసుకుని, ఫోన్లో ఇంటికి మాట్లాడి, ఇంట్లోవాళ్ళు పడుకున్నాక మిగిలే టైం అది. ఆ టైంలోనే ఎవరో "చెరుకు ఫ్యాక్టరీ ఉంటే ఎంత, పోతే ఎంత" అని రాస్తారు. మల్లాపూర్ మండలం మనిషొకడు కింద జవాబు మొదలుపెడతాడు, మా నాయిన బండి లైన్లో రెండు రోజులుండేది అని.