నొక్కాలా, ఎత్తాలా?

సైలెన్సర్ మార్పిస్తే వీధంతా వింటుంది. స్టిక్కర్లు వేయిస్తే సిగ్నల్ దగ్గర నలుగురూ చూస్తారు. రేసు మోజున్న కుర్రాళ్లు బండికి చేయించే మార్పుల్లో ఒకటి మాత్రం ఎవరి కంటా పడదు, అదే గేర్ల వరసను తిరగేయడం. మామూలు బండికి ఒకటో గేరు కిందికి నొక్కాలి, మిగతావన్నీ పైకి ఎత్తాలి. తిరగేశాక ఒకటి పైకి, మిగతావన్నీ కిందికి. జీపీ షిఫ్ట్ అన్నా, రేస్ షిఫ్ట్ అన్నా ఇదే. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో మోటోజీపీ జరిగినప్పుడు చూసినవాళ్లలో, రేసర్లలో చాలామంది ఇలాగే నడుపుతారని తెలుసుకుని ముచ్చటపడ్డవాళ్లు ఉంటారు. ముచ్చటను తప్పుపట్టను. కానీ పాదానికి నొక్కడం తేలిక, ఎత్తడం కష్టం. ఆ తేలికైన పనిని దేనికి కేటాయించాలన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సిన సంగతి. దానికి ట్రాక్ చెప్పే జవాబు వేరు, మన రోడ్డు చెప్పే జవాబు వేరు.

ముందు ట్రాక్ సంగతి. ఎడమ మలుపులో బండి బాగా వాలి ఉంటుంది. గేర్ లివర్ ఉండేదీ ఎడమవైపే కాబట్టి దానికీ తారుకూ మధ్య సందు సన్నబడిపోతుంది. మలుపు సగం దాటగానే రేసర్ యాక్సిలరేటర్ తిప్పుతాడు. బండి ఇంకా నిటారుగా లేవనే లేదు, ఇంజను అప్పుడే తర్వాతి గేరు అడుగుతుంది. మామూలు వరసలో ఆ గేరు పడాలంటే బూటు ముందుభాగాన్ని లివర్ కిందికి దూర్చాలి. అక్కడ చోటుండదు, బలవంతాన దూర్చితే బూటు నేలకు రాసుకుంటుంది. తిరగేసిన వరసలో పాదం లివర్ పైనే ఉంటుంది, ఒక్క నొక్కుతో పని అయిపోతుంది. గేర్లు తగ్గించేది ఎక్కువగా మలుపుకు ముందు, బండి నిటారుగా ఉండి బ్రేకులు పడుతున్నప్పుడు కాబట్టి ఎత్తడానికి అప్పుడు కావలసినంత చోటుంటుంది. అంటే రేసర్లు ఇది ఫ్యాషన్ కోసం చేయలేదు, శరీరానికి వచ్చిన ఇబ్బంది వల్ల చేశారు. అలాగే, ఆస్ట్రేలియా రేసర్ మిక్ డూహాన్ 1992లో అసెన్‌లో పడి కుడికాలు బాగా దెబ్బతింటే, వెనక బ్రేకును ఎడమచేతి బొటనవేలితో నొక్కే ఏర్పాటు చేయించుకున్నాడు. 1994 నుంచి 1998 దాకా వరసగా ఐదుసార్లు 500 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. కాలికి ఇబ్బంది వచ్చింది, బండిని మార్చుకున్నారు. పద్ధతి అదీ.

రోడ్డు మీద ఆ ఇబ్బంది లేదు. లివర్ కింద బూటు పట్టనంతగా బండిని వాల్చే పని బెజవాడ బెంజి సర్కిల్లో ఎవరికీ రాదు, రాకూడదు కూడా. రోడ్డు మీద గేరు పెంచడానికి తొందరేమీ ఉండదు. అర సెకను ఆలస్యమైతే ఇంజను కాస్త అరుస్తుంది, అంతే. తొందరంతా తగ్గించడంలోనే. నాలుగో గేరులో వెళ్తుంటే ముందున్న ఆటో చెయ్యీ చూపకుండా, లైటూ వేయకుండా ఆగిపోతుంది. క్లచ్ పట్టి టకటకా మూడుసార్లు తొక్కితే ఒకటో గేరుకు వచ్చేస్తాం, పక్కకు తప్పుకుని వెళ్లడానికి బండి సిద్ధంగా ఉంటుంది. అదే పనిని మూడుసార్లు ఎత్తి చేయాలంటే పాదం ప్రతిసారీ లివర్ కింద నిలదొక్కుకోవాలి. మనవాళ్ల కాళ్లకు ఉండేది రేసు బూట్లా? రబ్బరు చెప్పులు. గట్టి లివర్‌ను వేళ్లతో ఎత్తితే ఎలా ఉంటుందో చెప్పులతో బండి నడిపే ఎవరినైనా అడగండి. మామూలు వరస తేలికైన పనిని అత్యవసరానికే ఇచ్చింది.

మామూలు వరస మాత్రం దేవుడిచ్చిందా అని వాదించవచ్చు. ఇవ్వలేదు. పాత బుల్లెట్‌కు గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒకటో గేరు పైకి, మిగతా మూడూ కిందికి. న్యూట్రల్‌కు విడిగా ఇంకో చిన్న లివర్. దాంతోనే ఒక తరం సుఖంగా తిరిగింది. బ్రిటిష్ బళ్లు ఒక్కో కంపెనీవి ఒక్కో రకంగా ఉండేవి. 1974 సెప్టెంబరు నుంచి తయారయ్యే బళ్లకు గేర్లు ఎడమకాలికే ఉండాలని, వేలితో ఎత్తితే గేరు పెరగాలని, నొక్కితే తగ్గాలని అమెరికా ప్రభుత్వం నిబంధన పెట్టింది. అంత పెద్ద మార్కెట్‌ను వదులుకోలేక కంపెనీలు ఆ దారికొచ్చాయి. మరి మన ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపించే స్ప్లెండర్ మాటేమిటి? దానికి ముందుకు నొక్కితేనే గేర్లు పెరుగుతాయి. లక్షల మంది నడుపుతున్నారు, వాళ్లకు లేని ప్రమాదం రేస్ షిఫ్ట్‌కు ఎందుకొచ్చింది?

ఈ ప్రశ్న గట్టిదే. జవాబు స్ప్లెండర్ లివర్‌లోనే ఉంది. దానికి ముందొక మెట్టు, వెనకొక మెట్టు. వేళ్లతో తొక్కితే పెరుగుతుంది, మడమతో తొక్కితే తగ్గుతుంది. ఎత్తే పనే లేదు, పాదంలో ఏ భాగానికి ఏ పనో విడివిడిగా ఉంది. స్పోర్ట్స్ బైకుకు మడమ మెట్టు ఉండదు, పెంచడమూ తగ్గించడమూ వేళ్లదే. కాబట్టి అక్కడ వరస తిరగేస్తే కొత్త అలవాటు పాతదాని పక్కన చేరదు, సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. వారం రోజుల్లో అలవాటైపోతుంది అంటారు, నిజమే, అవుతుంది. కానీ పాతది ఎక్కడికీ పోదు, కంగారు పడ్డ క్షణంలో లేచి వస్తుంది. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మనవాళ్లు ఇక్కడ కారెక్కి, ఇండికేటర్ వేయబోయి వైపర్ వేయడం ఎంతమంది చూడలేదు? అక్కడ నవ్వుకుంటే సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. మంచి వేగంలో, ఇంజను గట్టిగా తిరుగుతున్నప్పుడు, గేరు పెంచాలని పాత అలవాటున లివర్ ఎత్తారనుకోండి, గేరు తగ్గుతుంది. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుని జారుతుంది. ఇంజను వేగాన్ని హద్దు దాటనివ్వని రెవ్ లిమిటర్ ఉందిగా అనకండి. అది యాక్సిలరేటర్‌ను ఆపగలదు గానీ చక్రమే ఇంజనును తిప్పుతుంటే ఏమీ చేయలేదు. ఆ తిరుగుడు శ్రుతి మించితే వాల్వులు పిస్టన్‌కు తగులుతాయి. స్లిప్పర్ క్లచ్ ఆ కుదుపును తగ్గిస్తుంది, పొరపాటును సరిదిద్దదు.

వరస తిరగేసే పని చూస్తే చిన్నదే, అందుకే ఆశ పుడుతుంది. లివర్‌కూ గేర్ షాఫ్ట్‌కూ మధ్య రాడ్ ఉన్న బళ్లకు, షాఫ్ట్ పళ్ల మీద బిగించిన చిన్న చెయ్యిని ఊడదీసి తలకిందులుగా పెట్టి బిగిస్తే వరస తిరగబడుతుంది. తీసేముందు పాత స్థానానికి పెయింటు గుర్తు పెట్టుకోవాలి. రాడ్‌కూ ఆ చెయ్యికీ మధ్య దాదాపు లంబకోణం ఉండేలా రాడ్ పొడవు సరిచేయాలి, లేకపోతే గేర్లు సగం పడి జారుతాయి. కొన్ని బళ్లకు తిప్పిన చెయ్యి ఫ్రేముకో ఇంజను కవరుకో తగులుతుంది. క్లచ్ పట్టకుండా గేరు మార్చే క్విక్‌షిఫ్టర్ ఉంటే అది ఏ వైపు ఒత్తిడికి స్పందిస్తుందో చూసి మార్చాలి.

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైకో, కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేకో వెళ్లి తరచూ ట్రాక్ మీద నడిపేవాళ్లు, అందుకోసం వేరే బండి ఉంచుకున్నవాళ్లు తిరగేసుకోవచ్చు. తిరగేసుకోవాలనే నా సలహా. ఇంట్లో ఒకటే బండి ఉండి, దాన్నే తమ్ముడు కాలేజీకి, నాన్న బజారుకు తీసుకెళ్తుంటే దాని జోలికి పోవద్దు. పోకుండా ఉండలేమంటే రెండు పనులు చేయండి. కొత్త వరసను పెద్ద అక్షరాలతో ట్యాంకు మీద అంటించండి. బండిని సర్వీసింగుకు ఇచ్చేటప్పుడు మెకానిక్‌కు నోటితో కూడా చెప్పండి. పని అయ్యాక రోడ్డు మీద దాన్ని మొదట పరీక్షించేది అతనే.